హంసల కొంగు

ఫోన్ మోగేసరికి నా రెండు చేతులకీ గోరింటాకు ఉంది. అమ్మ నా వేళ్లకి టోపీలు పెడుతోంది. నాన్న వరండాలోంచి వచ్చి, కళ్లజోడు సర్దుకుని ఫోన్లో పేరు చూసి, "ఉయ్యూరు వాళ్లు" అన్నాడు.

"స్పీకర్ పెట్టండి" అంది అమ్మ.

"బావగారూ, మా లాస్యకి అబ్బాయి నచ్చాడండీ. మాకూ నచ్చాడు. ఆషాఢం వెళ్లగానే నిశ్చితార్థం పెట్టేసుకుందాం" అంది అవతలి గొంతు.

నేను ఎగిరి గంతేశాను. చేతిలో ముద్ద జారి నాన్న పంచె మీద పడింది. అమ్మ తిట్టలేదు. నా బుగ్గ మీద ముద్దు పెట్టబోయి, తన వేళ్లు కూడా పచ్చగా ఉన్నాయని గుర్తొచ్చి, మోచేత్తో నా తల నిమిరింది. నాన్న ఫోన్ పెట్టేసి, మచ్చపడ్డ పంచెతోనే వీధిలోకి వెళ్లి పక్కింటివాళ్లకి చెప్పొచ్చాడు.

ఆ రోజు అంత సంతోషపడడానికి నాకు వేరే కారణం అక్కర్లేదు. మాఘమాసంలో నా పెళ్లయింది. పెళ్లయ్యాక వచ్చిన మొదటి ఆషాఢం కాబట్టి గుడివాడ నుంచి బందరు, మా పుట్టింటికి వచ్చాను. అన్నయ్య అభినవ్ బంటుమిల్లిలో రొయ్యల మేత కంపెనీలో పనిచేస్తాడు. చెల్లెలి పెళ్లి కాకుండా తను చేసుకోనని కూర్చున్నవాడు. ఇప్పుడు వాడికీ కుదిరింది. పైగా లాస్య ఫొటో అందరికంటే ముందు నచ్చింది నాకే. ఆ అమ్మాయి నవ్వితే ఒక పక్క పెదవి ముందు నవ్వుతుంది, రెండో పక్క తర్వాత అందుకుంటుంది. "ఈ అమ్మాయినే చేసుకోరా" అని వాణ్ణి చంపుకుతిన్నాను.

మర్నాడు వాన తెరిపిచ్చింది. అమ్మ బీరువా తాళాలు నా ఒళ్లో పడేసింది.

"కోడలికి చీరలు కొనేముందు ఇంట్లో ఏమున్నాయో చూడాలి. అన్నీ తీసి గాలికి ఆరెయ్యి. పై అర మాత్రం కదపకు, ఉత్త దుప్పట్లు. దుమ్ముకి తుమ్ములు పట్టుకుంటాయి నీకు."

మాది ముదురాకుపచ్చ ఇనప బీరువా. తలుపు తీస్తే కలరా ఉండల వాసన గుప్పుమంది. చిన్నప్పుడు దాని జోలికి వెళ్తే అమ్మ చెయ్యి మీద ఒక్కటేసేది. ఇప్పుడు పెళ్లైనదాన్ని కాబట్టి నాకు ఆ హోదా వచ్చినట్టుంది. మంచం మీద ఒక్కొక్కటీ పరుస్తుంటే నాకు ఆకలి కూడా వెయ్యలేదు. సన్న చుక్కల వాయిల్ చీర. పట్టుకుంటే చేతిలోంచి జారిపోయే నైలెక్స్ చీర. అమ్మ కాలేజీ రోజుల్లో వేసుకున్న పెడన అద్దకం ఓణీ, నలుపు మీద ఎర్ర లతలు, రంగు నిన్న అద్దినట్టుంది. నాన్న సఫారీ సూటు. నాన్నదే బెల్‌బాటం ప్యాంటు, కింద అంచు నా లంగా అంత వెడల్పు. బుట్టచేతుల జాకెట్లయితే ఒక దొంతర.

"అమ్మా, ఈ బుట్టలో శేరు బియ్యం పడతాయి."

"అప్పుడదే ఫ్యాషన్. మా టైలరు వీరదుర్గ లోపల కాగితం పెట్టి కుట్టేది, బుట్ట నిలబడాలని. వానలో తడిస్తే కాగితం మెత్తబడి చేతులు వేలాడిపోయేవి" అంది అమ్మ, నవ్వుకుంటూ.

నాన్న గుమ్మంలోకి వచ్చి ప్యాంటు గుర్తుపట్టాడు. "ఇది వేసుకునే మీ అమ్మని చూడ్డానికి వెళ్లాను."

"అందుకే సరేనని చెప్పడానికి రెండు రోజులు ఆలోచించాను" అంది అమ్మ.

నాన్న ప్యాంటు వేసుకోబోతే మోకాలు దగ్గరే ఆగిపోయింది. ముగ్గురం అలా నవ్వి ఎన్నాళ్లయిందో. నేను రోజుకొకటి కట్టుకుని, బీరువా అద్దం ముందు నిలబడి ఫొటో తీసి మా ఆయన సాత్విక్‌కి పంపేదాన్ని. అతను గుడివాడలో ఒక కాలేజీలో లెక్చరరు. క్లాసు మధ్యలో కూడా జవాబిచ్చేవాడు. "ఈ అమ్మాయి ఎవరండీ, పెళ్లి కుదిరిందా?" అని ఒకరోజు. "వాళ్ల నాన్నగారి నంబరివ్వండి" అని ఇంకోరోజు. పెళ్లయిన ఐదోనెలలో దొంగచాటు ప్రేమికుల్లా ఉండడం ఎంత బాగుంటుందో, ఆషాఢం పెట్టినవాళ్లు తెలిసే పెట్టారనిపించింది.

ఒక ఆదివారం పొద్దున అతను బందరులో పనుందని వచ్చి, గేటు ముందు బండి ఆపాడు. ఆషాఢంలో అత్తా అల్లుడూ ఒకే గడప దాటకూడదు, ఎదురుపడకూడదు. అమ్మ వెంటనే కొంగు తల మీదకి లాక్కుని గోడవైపు తిరిగింది.

"యశా, అబ్బాయి టిఫిన్ తిన్నారేమో అడుగు."

"తిన్నానని చెప్పు" అన్నాడు సాత్విక్, అమ్మకి వినపడేట్టు. "అత్తయ్యగారి పెసరట్టయితే మళ్లీ తినగలనని కూడా చెప్పు."

బండి సీటు మీద ప్లేటు పెట్టుకుని తిన్నాడు. నేను పెడన ఓణీ వేసుకుని, చట్నీ గిన్నె పట్టుకుని పక్కన నిలబడ్డాను. దారిన పోయేవాళ్లు మమ్మల్ని చూసి నవ్వుకుంటూ వెళ్లారు.

"ఇంకేం దొరికాయి నీ గనిలో?"

"అన్నీ ఉన్నాయి. అమ్మ పెళ్లి చీర ఒక్కటే లేదు."

ఆ చీర సంగతి అతనికి తెలుసు. అతనికేమిటి, మా పెళ్లికి వచ్చిన వాళ్లందరికీ తెలుసు. అమ్మ పెళ్లి ఆల్బమ్‌లో ఒక ఫొటో ఉంది. రంగులన్నీ వెలిసి ఇటుకరంగుకి తిరిగిపోయాయి. చీర ఏ రంగో తెలియదు, అంచు దండల వెనక దాక్కుంది. కానీ కొంగు మాత్రం అమ్మ ఒళ్లో పరుచుకుని ఉంటుంది, దాని మీద వరసగా జరీ హంసలు. చిన్నప్పటి నుంచీ నా పెళ్లికి ఆ చీరే కట్టుకుంటానని చెప్పేదాన్ని. అమ్మ "చూద్దాంలే" అనేది. పెళ్లి ముహూర్తం పెట్టాక గట్టిగా అడిగాను. రెండు రోజుల తర్వాత అమ్మ దిగులు మొహంతో వచ్చి, "తీసి చూశానమ్మా. మడతలు మడతలుగా చిరిగిపోయింది. ముట్టుకుంటే పొడి రాలుతోంది. ఇదొక్కటే మిగిలింది" అని నా చేతిలో ఒక అంచు ముక్క పెట్టింది. ఆకుపచ్చది, గోపురాలున్నది.

నేను చాలా ఏడ్చాను. అమ్మ నన్ను దగ్గరికి తీసుకుని కూర్చుంది. తర్వాత ఆ ముక్కని నా పెళ్లి జాకెట్టు చేతులకి కుట్టించుకున్నాను. పీటల మీద కూర్చునే ముందు మా అత్తగారికి చూపించాను, ఫొటోలు తీసే అబ్బాయికి చూపించాను, సాత్విక్‌కి మూడు ముళ్లు పడగానే చెవిలో చెప్పాను. మా అమ్మ చీరది, మా అమ్మ పెళ్లి చీరది.

"పోనీలే, అంచయినా దక్కింది" అన్నాడు సాత్విక్ ఆ రోజు గేటు దగ్గర, చెయ్యి కడుక్కుంటూ.

ఆ వారంలోనే, అమ్మా నాన్నా లాస్యకి చీరలు చూడ్డానికి కోనేరు సెంటరుకి వెళ్లారు. వాళ్లొచ్చేలోగా బీరువా మొత్తం సర్దేసి అమ్మని ఆశ్చర్యపరచాలనుకున్నాను. చీరలు ఒక అర, జాకెట్లు ఒక అర, నాన్నవి కింద. పై అరలో దుప్పట్లు ఎగుడుదిగుడుగా ఉన్నాయి. స్టూలు వేసుకుని ఎక్కాను. దుప్పట్ల వెనక పాత పంచెలో చుట్టిన మూట ఉంది. ఇంకో బెల్‌బాటమేమో అనుకుని, నవ్వుకుంటూనే విప్పాను.

ముదురు వంకాయరంగు పట్టుచీర. మధ్యలో వట్టివేళ్ల కట్ట. ఆవపువ్వు రంగు అంచు మీద మామిడి పిందెలు. కొంగు విప్పితే హంసలు, ఒక దాని వెనక ఒకటి.

ఎక్కడా చిరగలేదు. పట్టుచీర ఒకే మడతలో ఉంటే ఆ గీతల వెంట విరుగుతుంది, అందుకే ఏటా తీసి మడత మార్చాలి. ఇంట్లో అందరికీ తెలిసిన పనే. ఈ చీర మీద పాత మడత గీతలు లీలగా కనిపిస్తున్నాయి, కొత్త మడత వేరేచోట ఉంది. ఎవరో ఏడాదికోసారి దీన్ని తీసి, గాలి తగలనిచ్చి, మళ్లీ కొత్తగా మడిచి పెడుతున్నారు.

దాన్ని భుజం మీద వేసుకుని అద్దంలో చూసుకున్నాను. బాగుంది. అలవాటు ప్రకారం సాత్విక్‌కి పంపుదామని ఫోన్ తీశాను. కెమెరా తెరిచాక, కింద ఏమని రాయాలో తోచలేదు. ఫోన్ పక్కన పెట్టి, చీర ఎలా ఉందో అలాగే మడిచాను. పంచెలో మాత్రం చుట్టలేదు. మంచం మీద పెట్టి పక్కన కూర్చున్నాను.

ముందు అన్నయ్య వచ్చాడు, భోజనానికి. చీర చూశాడు, నన్ను చూశాడు, చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లాడు. చాలాసేపు కడుక్కున్నాడు.

"నీకు తెలుసా?"

"అమ్మ చెప్పొద్దంది."

"ఎప్పటినుంచి తెలుసు?"

"నీ పెళ్లప్పటినుంచి." తువ్వాలుతో వేళ్లు ఒక్కొక్కటీ తుడుచుకున్నాడు. "నాకేం తెలుసే, ఆడవాళ్ల చీరల గొడవలు. పెద్ద విషయమనుకోలేదు."

పెళ్లిలో నేను జాకెట్టు చెయ్యి చూపిస్తూ తిరుగుతుంటే వాడు నా పక్కనే ఉన్నాడు. "మా చెల్లికి సెంటిమెంటు ఎక్కువ" అని వాడి స్నేహితులతో చెప్పి నవ్వాడు కూడా. ఆ నవ్వు నేను ముద్దుగా అనుకున్నాను.

అమ్మ వచ్చి, సంచులు కింద పెట్టి, మంచం వైపు చూసింది. నేను అరుస్తుందనుకున్నాను. పై అర ఎందుకు తీశావంటుందనుకున్నాను. నెమ్మదిగా వంటింట్లోకి వెళ్లి, మంచినీళ్లు తాగి, వచ్చి కూర్చుంది.

"అది మీ నానమ్మ చీర యశా. ఆవిడ అత్తగారు ఆవిడకి పెట్టింది. ఆవిడ నాకు పెట్టింది, నాకొచ్చే కోడలికి పెట్టమని చెప్పి. అది ఈ ఇంటి చీర. ఇల్లు దాటకూడదు."

"అదే చెప్పొచ్చుగా నాకు."

"ఇవ్వనంటే ఏడుస్తావని."

"ఏడ్చాను కదమ్మా."

అమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"నువ్వే పక్కన కూర్చుని ఓదార్చావు. నా కళ్లు నువ్వే తుడిచావు."

"పెళ్లి ముందు నీ మనసు కష్టపెట్టడం ఇష్టంలేక అలా చెప్పాను. చిరిగిపోయిందంటే ఎవరిమీదా కోపం ఉండదు కదా. నేను ఇవ్వనన్నానంటే ఆ మాట ఉండిపోతుంది."

"ఆ ఆకుపచ్చ అంచు ఎవరిది?"

"కోటమ్మత్తది. పాత చీర చిరిగితే అంచు ఇమ్మని అడిగాను."

కోటమ్మత్త నాన్న చెల్లెలు. అంటే నానమ్మకి సొంత కూతురు. నా పెళ్లిలో నేను జాకెట్టు చూపించినప్పుడు, ఆవిడ ఆ అంచుని వేళ్లతో పట్టుకుని చూసి, "బాగా కలిసింది తల్లీ" అంది. తన చీర తనకి తెలియకుండా ఉంటుందా.

నాన్న గుమ్మంలోనే నిలబడిపోయాడు. నేను ఆయన వైపు తిరిగాను. ఆయన సంచిలోంచి స్వీటు డబ్బా తీసి బల్ల మీద పెట్టి, "నీకిష్టమని బందరు హల్వా తెచ్చాను" అన్నాడు. చెప్పాల్సినదంతా చెప్పేసినట్టే ఉంది ఆ మాట.

"మా అమ్మ చీర కూడా మా వదినకే వెళ్లింది" అంది అమ్మ. "నేను అడగలేదు."

"అడిగుంటే అమ్మమ్మ నీకూ ఎవరిదో ఒక అంచు ముక్క ఇచ్చేది."

అమ్మ మొహం తిప్పుకుంది. ఆ మాట అన్నందుకు నాకు జాలి వెయ్యాలి. వెయ్యలేదు.

సాత్విక్‌కి ఆ సాయంత్రం చెప్పాను. మొదట నవ్వబోయి ఆగిపోయాడు. "చీర కావాలని ఏడుస్తున్నావా?" అన్నాడు.

"చీర కాదు. మూడు ముళ్లు పడగానే నీ చెవిలో అబద్ధం చెప్పాను. నాకే తెలియకుండా."

"వచ్చి తీసుకెళ్లనా?"

"ఆషాఢం."

"గడప దాటనులే. గేటు దగ్గరే హారన్ కొడతాను."

నవ్వొచ్చింది. ఏడుస్తూ నవ్వాను. కానీ వెళ్లలేదు. అన్నయ్య నిశ్చితార్థం పాడుచెయ్యడం నాకిష్టం లేదు. వాడి మీద కోపమే ఉంది, వాడి సంతోషం మీద లేదు.

మిగిలిన ఆషాఢమంతా అమ్మ నాకు ఇష్టమైనవి వండింది. గోంగూర రొయ్యలు, పనసపొట్టు కూర, బెల్లం పూర్ణాలు. లాస్యకి కొన్నదానికంటే ఖరీదైన చీర నాకు కొనుక్కొచ్చి మంచం మీద పెట్టింది. నేను బాగుందన్నాను. అన్నీ తిన్నాను, అడిగినవాటికి జవాబిచ్చాను. బీరువా అద్దం ముందు మాత్రం మళ్లీ నిలబడలేదు. పెడన ఓణీ ఉతికి, ఇస్త్రీ చేసి అమ్మకి ఇచ్చేశాను. "ఇది నీ దగ్గరే ఉంచుకో, ఇది నా సొంతం, ఎవరికైనా ఇచ్చుకోవచ్చు" అంది అమ్మ. "వద్దులే" అన్నాను. ఇదివరకు ఆవిడ ఏది చెప్పినా రెండోసారి ఆలోచించేదాన్ని కాదు. ఇప్పుడు వర్షం వచ్చేట్టుంది అన్నా కిటికీలోంచి తొంగి చూస్తున్నాను.

ఒకరోజు లాస్య మెసేజ్ పెట్టింది. "వదినా, నిశ్చితార్థానికి నాకు లెహంగా వేసుకోవాలనుంది. అత్తయ్యగారేమో ఏదో పాత చీర కట్టుకోవాలంటున్నారు. మరీ ముసలిదానిలా ఉంటానా?"

చాలాసేపు ఆ మెసేజ్ వైపు చూస్తూ కూర్చున్నాను. తర్వాత నిజం రాశాను. "చాలా బాగుంటుంది. వంకాయరంగు. కొంగు మీద హంసలున్నాయి. నీ రంగుకి నప్పుతుంది."

"మీరు కట్టుకోలేదా ఎప్పుడూ?"

"లేదు."

శ్రావణం వచ్చింది. నిశ్చితార్థం ముహూర్తం మొదటి వారంలోనే, ఉయ్యూరులో, పదకొండు గంటలకి. అందరం బందరు నుంచి కలిసి వెళ్లి, అయ్యాక అక్కణ్ణించే నన్ను సాత్విక్‌తో గుడివాడ పంపాలని అమ్మ అనుకుంది. ముందురోజు అమ్మా నాన్నా గుడివాడ వెళ్లి మా అత్తగారికి బొట్టు పెట్టి పిలిచొచ్చారు. పద్ధతిగా, పండూ తాంబూలంతో.

ఆ సాయంత్రం హాల్లో పళ్లేలు సర్దుతున్నాం. అన్నయ్య కొత్త చెప్పులు వేసుకుని అటూ ఇటూ నడిచి చూసుకుంటున్నాడు. నాన్న పూలబుట్టల మీద నీళ్లు చల్లుతున్నాడు. అమ్మ అన్నిటికంటే పెద్ద పళ్లెం తుడిచి, పంచె మూట విప్పి చీర అందులో పెట్టింది. హంసలు పైకి కనపడేట్టు మడత మార్చింది. పక్కన కుంకుమ భరిణె పెట్టి, పళ్లెం రెండు చేతులా ఎత్తి నా ముందు పెట్టింది.

"రేపు ఈ పళ్లెం నీదే. పెళ్లికూతురికి బొట్టుపెట్టి చీర ఇచ్చేది ఆడపడుచే కదా. నీ చేత్తో ఇస్తే నాకు తృప్తిగా ఉంటుంది."

ఆవిడ గొంతులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే నాకు పెద్దపీట వేస్తున్నాననుకుంటోంది. నా చేత్తో ఇప్పిస్తే అన్నీ సర్దుకుంటాయని కూడా అనుకుని ఉంటుంది. నేను పళ్లెం వైపు చూశాను. ఎవరూ నన్ను క్షమించమని అడగలేదు. అడగాల్సిన పని చేశామని వాళ్లెవరికీ అనిపించలేదు.

"నేను రేపు మీతో రావట్లేదమ్మా" అన్నాను.

అన్నయ్య చెప్పుల చప్పుడు ఆగింది.

"రాకపోవడమేమిటి?" అన్నాడు నాన్న.

"ఉయ్యూరు వస్తాను నాన్నా. మీతో కాదు. పొద్దున ఆరింటికి సాత్విక్ వస్తాడు, నేను గుడివాడ వెళ్తాను."

"ఇక్కణ్ణించి ఉయ్యూరు తిన్నగా వెళ్లిపోతాం కదమ్మా. మళ్లీ గుడివాడ దాకా ఎందుకు?"

"ఇవాళ మీరు వెళ్లి మా అత్తగారిని ఏమని పిలిచారు? కోడల్ని తీసుకుని రమ్మని పిలిచారు కదా. అలాగే వస్తాను."

అమ్మ చేతులు ఇంకా పళ్లెం అంచు మీదే ఉన్నాయి. "మరి చీరెవరు పెడతారు యశా?"

"కోటమ్మత్త ఉంది కదా. ఆవిడా ఈ ఇంటి ఆడపడుచే. చెప్పండి, కాదనదు."

నేను లేచి, సూట్‌కేసు హాల్లోకి తెచ్చి గుమ్మం పక్కన పెట్టాను.

"రేపు పదకొండింటికల్లా మా అత్తగారు, మావగారు, మేమిద్దరం వచ్చేస్తాం. చుట్టాలతో కూర్చుంటాం, అక్షింతలు వేస్తాం, భోజనం చేసి సాయంత్రానికి గుడివాడ వెళ్లిపోతాం."